దొరికిన తాబేటి పిల్ల : పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన సంగతులు

తొలకరి వానలు కురిసి నేల చెమ్మగిల్లగనే మెట్ట గ్రామములలో నాగళ్లతో పాటు మరియొక జీవియు కదలనారంభించును. అది నక్షత్ర తాబేలు. వేసవి దినములలో పొదల నీడను అంటిపెట్టుకొనియుండు ఈ సాధుజంతువు, గరిక మొలకెత్తగనే మేతకై గట్ల వెంబడి బయలుదేరును. పశువుల కాపరికో, కలుపు తీయు స్త్రీకో, బడికి పోవు బాలునికో ఒక్కొక్కప్పుడు దీని పిల్ల కంటబడును. నిమ్మకాయంత దేహము, నల్లని డిప్పమీద పసుపుపచ్చని చారలు, దుడ్డుకఱ్ఱలవంటి చిన్ని కాళ్లు గల ఆ ప్రాణిని చూచి ముచ్చటపడనివారుండరు. దానిని బుట్టలో వేసికొని యింటికి తెచ్చుటయు, "దీనిని ఎట్లు పెంచవలెను?" అని నలుగురిని అడుగుటయు సహజము.

ఈ ప్రశ్న తఱచుగా పంచాయతీ సభ్యుని గడపకే వచ్చును. దీనికి సమాధానము చిన్నదే: దానిని పెంచరాదు, ఎత్తిన చోటనే విడువవలెను, విడుచుటకు వీలులేనిచో జాగ్రత్తగా కాపాడి అటవీశాఖవారికి అప్పగింపవలెను. ఇందుకు గల కారణములను, అప్పగించువరకు చేయవలసిన సంరక్షణను ఈ వ్యాసమున వివరింతుము.

ఒక అనుభవము

ఈ వ్యాసకర్త బాల్యమున సెలవులకు అనంతపురం జిల్లాలోని మేనమామగారి యింటికి పోయినపుడు, వేరుసెనగ చేని గట్టున ఒక తాబేటి పిల్ల దొరకినది. తాబేలనగా నీటిలో నివసించునదియే యని ఎల్లరును తలంచిరి. ఇత్తడి పళ్లెరము నిండ నీరు పోసి, అందు పిల్లను విడిచి, తినుటకు పాలన్నము వేసి, అది సుఖముగా నున్నదను తృప్తితో నిద్రించితిమి. తెల్లవారి చూచునప్పటికి అది కాళ్లు చాచి నీట తేలుచుండెను. రాత్రియంతయు నిలుచుటకు నేల దొరకక కొట్టుకొని అలసి మునిగి మరణించెనని అప్పుడెవరికిని తోచలేదు.

మా అమ్మమ్మగారు మాత్రము దానిని గట్టుమీదికి తీసికొనిపోయి పాతిపెట్టుచు, "నాయనా, ఇది చేలో తిరిగేది. దాని చోటు దానికి తెలుసు. మనకే తెలియలేదు" అనిరి. దయ యుండియు తెలివి లేనిచో ప్రాణము దక్కదని నేర్చుకొనుటకు ఆ చిన్ని జీవి మూల్యము చెల్లించినది. నేటికిని అనేక గృహములలో ఇట్టి పొరపాటే జరుగుచున్నది.

మొదట గుర్తింపవలసినది

తాబేళ్లన్నియు ఒక్క జాతివి కావు. నక్షత్ర తాబేలు మెట్టభూమిలో నివసించునది. దీని డిప్ప గుమ్మటమువలె ఎత్తుగా నుండును. పెద్దదానిలో ఒక్కొక్క పలకమీద నడుమనుండి నలువైపులకు పసుపు గీతలు కిరణములవలె వ్యాపించి నక్షత్రమును తలపించును. పిల్లలలో ఈ గీతలు తక్కువగా నుండి, సీతాకోకచిలుక రెక్కలవంటి మచ్చలుగా కనిపించును. దీని పాదములు ఏనుగు పాదములవలె మొద్దుగా నుండును. వ్రేళ్ల నడుమ పొర యుండదు. ఇది ఈదజాలదు.

చెరువులలోను, కుంటలలోను నుండు తాబేళ్ల డిప్ప చదునుగా నుండును. పాదములకు వ్రేళ్ల నడుమ పొర యుండును. ఇట్టిది దారిలో కనిపించినచో దగ్గరనున్న నీటి ఒడ్డున విడిచిన చాలును. పాదములను పరికించి చూచినచో ఈ భేదము బాలురకు సైతము తెలియును.

కనబడినంత మాత్రమున దిక్కులేనిది కాదు

ఆవు దూడను, కోడి పిల్లలను సాకినట్లు తాబేలు తన పిల్లలను సాకదు. తల్లి నేలలో గుంట త్రవ్వి కొలది గుడ్లు పెట్టి, మన్ను కప్పి తన దారిన పోవును. నెలలు గడచిన పిమ్మట పిల్లలు తమంతట తామే వెలువడి, మొదటి దినమునుండియే ఒంటరిగా బ్రతుకును. పుట్టిన పిల్ల కడుపులో గ్రుడ్డు సొన కొంత మిగిలియుండుటచే కొన్ని దినములవరకు ఆహారము లేకున్నను దానికి బాధ యుండదు. కావున గట్టున ఒంటరిగా కనిపించిన పిల్ల తల్లిని పోగొట్టుకొన్నదని భావించుట పొరపాటు. అది తన యింటనే యున్నది.

ఆరోగ్యముగా నున్న పిల్లను తాకక విడుచుటయే ఉత్తమము. అది బాటకు అడ్డముగా నున్నచో, ఏ దిక్కునకు నడచుచున్నదో చూచి ఆ వైపు గట్టున దింపవలెను. వెనుకకు త్రిప్పినచో మరల బాటమీదికే వచ్చును. ఎవరైన తెలియక ఇంటికి తెచ్చినచో, జాగు చేయక, ఎత్తిన చోటనే విడిచిరమ్మని చెప్పవలెను. గాయపడినది, కుక్క కఱచినది, దొరకిన చోటు తెలియనిది, చాల దినములు ఇంట నుంచబడినది, ఇతర తాబేళ్లతో కలసి యుండినది, అమ్మకమునకు తేబడినది - ఇట్టివానిని మాత్రము అటవీశాఖవారికి అప్పగింపవలెను. వీనిని మనకు తోచిన అడవిలో విడుచుటయు తగదు. ఒక ప్రాంతపు రోగములు మరియొక ప్రాంతపు తాబేళ్లకు సోకు ప్రమాదము కలదు.

చట్టము చెప్పునది

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద నక్షత్ర తాబేలు రక్షిత జంతువు. 2022లో ఆమోదింపబడి 2023 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చిన సవరణతో అది మొదటి షెడ్యూలులో చేరినది. పులి, ఏనుగు మొదలగువానికి గల రక్షణయే నేడు ఈ చిన్ని జీవికిని కలదు. దీనిని పట్టుట, ఉంచుకొనుట, అమ్ముట, కొనుట నేరములు. మొదటి షెడ్యూలు జంతువుల విషయమున నేరము రుజువైనచో మూడు సంవత్సరములకు తక్కువగాక ఏడు సంవత్సరములవరకు జైలుశిక్షయు, 25,000 రూపాయలకు తక్కువ కాని జరిమానాయు విధింపబడును.

ఈ మాట విని భయపడి పిల్లను పెరటిలో దాచుట మఱింత ముప్పు. చట్టములోని 39వ సెక్షను ప్రకారము, ప్రభుత్వపు ఆస్తియైన వన్యప్రాణి ఏ విధముగనైన తన చేతికి వచ్చినవారు 48 గంటలలోపల సమీపమునందలి పోలీసు స్టేషనులో గాని, అందుకై నియమితుడైన అధికారికి గాని తెలియజేయవలెను. ఆపదలోనున్న ప్రాణిని కాపాడి, జాగు లేక తెలియజేయుటయే చట్టము కోరు పద్ధతి. ఈ సంగతిని ప్రజలకు నచ్చచెప్పవలసిన బాధ్యత పంచాయతీ సభ్యులది.

అప్పగించువరకు సంరక్షణ

అటవీ సిబ్బంది వచ్చుటకు ఒకటి రెండు దినములు పట్టవచ్చును. ఆ వ్యవధిలో ఈ క్రింది జాగ్రత్తలు చాలును.

నివాసము : అడుగున ఎండుగడ్డి పఱచిన అట్టపెట్టె గాని, వెదురుబుట్ట గాని మేలు. గాలి ఆడవలెను. తాబేలు శరీరమునకు సొంత వేడిమి లేదు; పరిసరముల వేడిమినిబట్టియే అది చురుకుగా నుండును. కావున ఉదయపు ఎండ కొంతసేపు తగులనిచ్చి, పెట్టెలో సగభాగము తప్పక నీడగా నుంచవలెను. నీడ లేని ఎండలో చిన్న పిల్ల స్వల్పకాలములోనే మరణించును. రాత్రి వాన జల్లు, చలిగాలి తగులని గదిలో నుంచవలెను. కుక్క, పిల్లి, కాకి, పందికొక్కు, చీమలు దరి చేరకుండ చూచుకొనవలెను.

నీరు : లోతు లేని మూకుడులో గోరువెచ్చని నీరు పోసి పిల్లను పది నిముషములు నిలుపవలెను. నీరు దాని గడ్డము క్రిందికే యుండవలెను. అది తలవంచి త్రాగును. ఆ సమయమున మనుష్యుడు దగ్గరనే యుండవలెను. పిమ్మట తుడిచి పెట్టెలో నుంచవలెను. తొట్టిలో గాని, బకెట్టులో గాని విడువరాదు.

ఆహారము : గరిక, లేత గడ్డి, మందారపు ఆకులు, పువ్వులు చాలును. పురుగుమందు చల్లిన చేనిలోనివి పెట్టరాదు. పాలు, అన్నము, రొట్టె, మాంసము, గ్రుడ్డు పెట్టరాదు. పీచు గల పచ్చిమేతకే దాని కడుపు అలవడియున్నది. పాలు దానికి జీర్ణము కావు. అది తిననిచో బలవంతముగా నోరు తెఱవరాదు.

గాయము : కాచి చల్లార్చిన నీటితో మెల్లగా కడిగి, ఈగలు వ్రాలకుండ శుభ్రమైన పలుచని గుడ్డ కప్పి, అటవీ సిబ్బందికి వెంటనే కబురు చేసి పశువైద్యుని సలహా పొందవలెను. పసుపు, సున్నము, నూనె పూయరాదు. డిప్ప అనునది తీసి తొడుగు గుల్ల కాదు. అది వెన్నెముకతోను, ప్రక్కటెముకలతోను కలిసిన సజీవమైన అస్థి. దానికి స్పర్శ కలదు. రంధ్రము చేసి దారము కట్టుట, రంగు వేయుట క్రూరకార్యములు.

మనుష్యుల జాగ్రత్త : తాబేళ్ల మలమునందు మనుష్యులకు విరేచనములు, జ్వరము కలిగించు సూక్ష్మజీవులుండవచ్చును. తాకిన ప్రతివారును సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. అయిదేండ్లలోపు శిశువులను తాకనీయరాదు.

రెండు దినములు కాపాడగలిగినవారు ఎల్లకాలము పెంచలేరా యని అడుగవచ్చును. చట్టమును ప్రక్కనబెట్టి చూచినను అది సులభము కాదు. ఎండ, వివిధములైన గడ్డి, తగినంత సున్నపు ధాతువు లేక ఇంట పెరిగిన పిల్ల డిప్ప మెత్తబడి వంకరపోవును. అది మూలుగదు, అరవదు. కావున వ్యాధి ముదిరినదాక ఎవరికిని తెలియదు.

ముచ్చట వెనుక నున్న వ్యాపారము

తాబేలు ఇంటనున్న సిరి కలుగునను నమ్మకముచే పట్టణములలోను, విదేశములలోను దీనిని కొనువారు కలరు. వారికొఱకు చేలగట్లమీద నుండి పిల్లలను ఏరించు దళారులు బయలుదేరినారు. మనదేశమునందలి ఒక్క వ్యాపార కేంద్రమునుండియే సంవత్సరమునకు కనీసము 55,000 నక్షత్ర తాబేళ్లు పట్టుబడి తరలిపోవుచున్నవని 2015లో ప్రకటితమైన ఒక పరిశోధన తెలిపినది. 2019లో ప్రపంచ దేశములు తమ ఒప్పందము ద్వారా అడవినుండి పట్టిన ఈ తాబేళ్ల అంతర్జాతీయ వ్యాపారమును నిషేధించినవి. అయినను దొంగరవాణా ఆగలేదు. కొద్ది గుడ్లు పెట్టి, అనేక సంవత్సరములకు గాని ఈడుకు రాని జాతి ఇట్టి నష్టమును పూడ్చుకొనలేదు.

కావున జాలితోనైనను అమ్మువానివద్ద పిల్లను కొనరాదు. కొన్న ప్రతి పిల్లకు బదులు మరియొక పిల్ల గట్టునుండి మాయమగును. అమ్ము వ్యక్తిని గూర్చి అధికారులకు తెలియజేయుటయే నిజమైన దయ. శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మమున విష్ణువు కూర్మరూపమున పూజలందుకొనుచున్నాడు. ఆ రూపమునకు మ్రొక్కు చేతులు ఆ ప్రాణిని పెట్టెలో బంధించుట తగునా?

పంచాయతీ చేయదగిన పనులు

మీ ప్రాంతపు అటవీ రేంజి అధికారి ఫోను సంఖ్యను తెలిసికొని పంచాయతీ కార్యాలయపు బోర్డుమీద వ్రాయింపుడు. దున్నకమునకు ముందు గట్లను చూచుకొనవలెననియు, గట్ల పొదలకు నిప్పు పెట్టరాదనియు గ్రామసభలో చెప్పుడు. బడిలో ఉపాధ్యాయులచే బాలురకు చెప్పింపుడు. తాబేలు దొరకినపుడు మొదట తెలియువారు వారే.

2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి స్థానిక సంస్థయు జీవవైవిధ్య నిర్వహణ కమిటీని ఏర్పరుపవలెను. ఆ కమిటీ సిద్ధముచేయు ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో మీ గ్రామమున నక్షత్ర తాబేళ్లు గలవని నమోదు చేయింపుడు. అయితే అవి తిరుగు గట్టు, పొద పేర్లను బహిరంగముగా ప్రకటింపకుడు. దళారులకు అదియే దారి చూపును.

తాబేటి పిల్లను చేతబట్టుకొని మీ గడపకు వచ్చు బాలుని కసరవలదు. దానిని ఎచ్చట ఎత్తితివని అడిగి, వానితో కూడ ఆ గట్టువరకు నడువుడు. పిల్లను వానిచేతనే గడ్డిలో దింపింపుడు. అది తల బయటికి చాచి, నాలుగడుగులు వేసి, గరికలో మఱుగగుట వాడు కన్నులార చూడవలెను. ఆ బాలుడు మరల తాబేటి పిల్లను ఇంటికి తేడు, తెచ్చువానిని ఊరకుండనీయడు.