తండ్రిది మోత, కొడుకుది మూత

మన వీధుల్లో పెరిగినవాళ్లలో కుడికాలి పిక్క మీద రూపాయి బిళ్లంత మచ్చ ఉన్నవాళ్లు చాలామందే కనిపిస్తారు. బండి ఆగీ ఆగకముందే దిగబోయి, సైలెన్సర్ తగిలి చుర్రుమన్న రోజు గుర్తు అది. సైలెన్సర్ అంటే మనకు బండిదే. తుపాకీది కూడా ఉంటుందని తెలిసింది సినిమాల్లోనే: విలన్ కోటు జేబులోంచి నల్లటి గొట్టం తీసి, నింపాదిగా మర తిప్పి బిగిస్తాడు. 'టుప్' మంటుంది. పక్కగదిలో వాళ్లకి కూడా వినపడదు. ఆ 'టుప్' సగం అబద్ధం. గొట్టం మాత్రం నిజం. దాని పుట్టుక వెనక ఒక తండ్రీకొడుకుల కథ ఉంది.

తండ్రి హైరమ్ స్టీవెన్స్ మాక్సిమ్. అమెరికాలో పుట్టి ఇంగ్లండులో స్థిరపడ్డాడు. పేల్చినప్పుడు తుపాకీ వెనక్కి తన్నే దెబ్బతోనే తర్వాతి తూటాను దానంతటదే ఎక్కించుకునే యంత్రాన్ని 1884లో తయారుచేశాడు. నిమిషానికి ఆరు వందల తూటాల దాకా కక్కే మాక్సిమ్ గన్ అదే. దానివల్ల ఆయనకు సర్ బిరుదూ వచ్చింది, చెవుడూ వచ్చింది. ఏళ్ల తరబడి ఆ మోత పక్కన నిలబడిన మనిషికి చివరికి పలకరింపులు కూడా సరిగా వినపడలేదు.

కొడుకు హైరమ్ పెర్సీ మాక్సిమ్, 1869లో బ్రూక్లిన్‌లో పుట్టాడు. తండ్రి సముద్రం దాటి వెళ్లిపోతే తల్లి దగ్గరే పెరిగాడు. పదహారేళ్లకే ఎం.ఐ.టి.లో చదువు ముగించి, తర్వాత హార్ట్‌ఫర్డ్‌లో మోటారు బండ్ల తయారీలో దిగాడు. స్నానపు తొట్టి నీళ్లు రంధ్రంలోకి సుడి తిరుగుతూ దిగడం చూసినప్పుడు ఆలోచన తట్టిందని చెబుతారు. నీళ్లు సుడి తిరిగితే బయటపడటం ఆలస్యమవుతుంది. తుపాకీ పొగను కూడా అలాగే తిప్పితేనో? 1909 మార్చి 30న పేటెంటు చేతికొచ్చింది.

అందులోని కిటుకు తెలియడానికి సోడా సీసా చాలు. బాగా కుదిపిన సీసా మూత ఒక్కసారిగా పీకితే 'టప్' మని పేలుతుంది. అదే మూతను కొద్దికొద్దిగా తిప్పితే 'ఉస్స్' మని నీరసంగా ఊపిరి వదులుతుంది. లోపలున్న గ్యాసు అంతే. బయటికొచ్చిన తీరే వేరు. తుపాకీలో మందు మండి పుట్టిన వేడి గ్యాసు, తూటా వెనకే గొట్టం మూతి దాటగానే ఒక్క ఉదుటున విచ్చుకుంటుంది. మనకు వినపడే పేలుడులో పెద్దవాటా దానిదే. సైలెన్సర్ లోపల వరసగా అడ్డుబిళ్లలు, వాటి మధ్య గదులు ఉంటాయి. తూటా నడిమి రంధ్రంలోంచి తిన్నగా సాగిపోతుంది. గ్యాసు మాత్రం గదిగదిలో చిక్కుకుని, సుళ్లు తిరిగి, లోహానికి తన వేడి అప్పజెప్పి, నెమ్మదించాకే గడప దాటుతుంది.

అయినా రెండు చప్పుళ్లు దానికి లొంగవు. ఒకటి, తుపాకీ లోపలి ఇనుప భాగాల లటుకు చిటుకు. రెండోది పెద్దది. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. వేట రైఫిల్ తూటా 800 మీటర్లు దాటుతుంది. శబ్దాన్ని మించి దూసుకుపోయే తూటా దారి పొడవునా కొరడా ఝళిపించినట్టు గాలిని చీలుస్తుంది. మూతి దగ్గర ఏ డబ్బా బిగించినా ఆ ఝళింపు ఆగదు. రైఫిల్ మోత 160 డెసిబెల్స్ పైమాటే. మంచి సైలెన్సర్ అందులో 20 నుంచి 35 దాకా కోస్తుంది. అంటే చెవులు పాడయ్యే 140 హద్దుకు అటూఇటూగా తెచ్చి వదులుతుందన్నమాట. నిశ్శబ్దం అనే మాటకు అది చాలా దూరం. అందుకే ఇంజనీర్లు దాన్ని సప్రెసర్ అనడానికే ఇష్టపడతారు. సైలెన్సర్ అనేది పెర్సీ గారు సరుకు అమ్ముకోవడానికి పెట్టిన పేరు.

పేరు బాగానే అమ్ముడుపోయింది. మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్వెల్ట్ అంతటివాడు తన వించెస్టర్ రైఫిల్‌కు ఒకటి తగిలించుకున్నాడు. అనుమానం కూడా ఆ పేరుతోపాటే వచ్చింది. ముఠాల తుపాకులు మోగుతున్న రోజుల్లో, 1934లో, అమెరికా జాతీయ ఆయుధ చట్టం తెచ్చింది. మెషిన్ గన్‌కు 200 డాలర్ల పన్ను, సైలెన్సర్‌కూ 200. తండ్రి తెచ్చిన మోత, కొడుకు కనిపెట్టిన మూత ఒకే జాబితాలో పక్కపక్కన కూర్చున్నాయి. తండ్రి అప్పటికే లేడు; కొడుకు బతికే ఉన్నాడు, 1936లో పోయాడు. ఆయన కంపెనీ ఆ విద్యనే ఇంజన్ల మీదకు, కర్మాగారాల గాలిగొట్టాల మీదకు మళ్లించుకుంది.

పన్ను వస్తువు రేటుకు ఎన్నో రెట్లుండటంతో దశాబ్దాలపాటు కొనేవాడే కరువయ్యాడు. డాలరు విలువ కరుగుతూ వచ్చినా 200 అంకె మాత్రం కదల్లేదు. దాంతో మెల్లగా బేరం మళ్లీ మొదలైంది. కానీ పన్ను ఎలాగూ కట్టాలి, నెలల తరబడి అనుమతికి ఎదురుచూడాలి. అలాంటప్పుడు చవక సరుకెందుకు, తరాలపాటు మన్నేదే కొందాం అనుకున్నారు జనం. తయారీదారులూ బరువైనవి, ఖరీదైనవి చేశారు. 2026 జనవరి 1 నుంచి సైలెన్సర్ మీద ఆ పన్ను సున్నా అయింది. రిజిస్ట్రేషన్ మాత్రం ఉంది. ఇప్పుడు 'తక్కువలో మంచిది ఏది' అన్న ప్రశ్నకు అర్థం వచ్చింది.

అక్కడ కొనేవాడి లెక్కలు ఇలా నడుస్తాయి. చవకవి మూడు నాలుగు వందల డాలర్లకు దొరుకుతాయి, టైటానియంవి వెయ్యి దాకా, ఆపైకీ పోతాయి. అల్యూమినియం తేలిక, చవక. అయితే అది పాయింట్ 22 లాంటి చిన్న తూటాలకే సరిపోతుంది. పాయింట్ 22 తూటాల సీసం లోపల మసిలా పేరుకుంటుంది కాబట్టి విప్పి కడిగే వీలుండాలి. ఉక్కు బరువు, కానీ వేడికి ఓర్చుకుంటుంది. కొండలెక్కే వేటగాడు తుపాకీ కొసన ఆ బరువు మోయలేక టైటానియంకు డబ్బు పోస్తాడు. ఇక పొదుపరి చిట్కా ఒకటుంది. పాయింట్ 30 తూటా పట్టే సైలెన్సర్‌ను చిన్న పాయింట్ 223 రైఫిల్‌కూ వాడుకోవచ్చు. మోత కాస్త ఎక్కువ వినపడుతుంది, రెండోది కొనే ఖర్చు తప్పుతుంది. చిన్న తూటా సైలెన్సర్‌ను పెద్ద రైఫిల్‌కు వాడితే మాత్రం తూటా అడ్డుబిళ్లల్ని చీల్చేస్తుంది.

ఫిన్లాండ్, నార్వేలలో వేటగాళ్లకు ఇది చెవులు కాపాడుకునే మామూలు సామాను. మన దేశంలో ఆ బేరమే లేదు. 1959 ఆయుధాల చట్టం ఫైర్ఆర్మ్ అన్న మాటను నిర్వచిస్తూ, చప్పుడు తగ్గించే ఈ ఉపకరణాన్ని కూడా అందులోనే కలిపేసింది. చట్టం కళ్లకు ఆ ఖాళీ డబ్బా కూడా తుపాకీయే.

ఇక్కడ మన సైలెన్సర్ల గోల వేరు. కుర్రాళ్లు డబ్బులు పోసి మరీ బండికి మోతపెంచే గొట్టాలు పెట్టిస్తారు. పోలీసులు పట్టుకుని రోడ్డురోలర్ కింద వేసి తొక్కిస్తారు. అమెరికాలో చప్పుడు తగ్గించే గొట్టానికి అనుమతి కావాలి, ఇక్కడ తగ్గించని గొట్టానికి జరిమానా పడుతుంది. పిక్క మీది మచ్చ మాత్రం ఏ చట్టానికీ సంబంధం లేనిది. గదుల్లో చిక్కుకున్న గ్యాసు లోహానికి అప్పజెప్పిన వేడి అది; వరసగా తూటాలు పేల్చిన రైఫిల్ డబ్బాను పట్టుకున్నా చెయ్యి అలాగే చుర్రుమంటుంది.