నీటి అడుగున కొలువుకు ఏ తీరం మేలు?

డైవ్‌మాస్టర్ కార్డు ఎక్కడ చేసినా ఒక్కటే. చేతికొచ్చే పని మాత్రం నేర్చుకున్న సముద్రాన్ని బట్టి ఉంటుంది

అండమాన్ విహారయాత్రలో అరగంట సేపు చేపల మధ్య తిరిగి వచ్చినవారిలో కొందరికి ఆ తర్వాత ఆఫీసు కుర్చీ రుచించదు. ఇదే ఉద్యోగమైతే ఎలా ఉంటుంది? 2011లో వచ్చిన జిందగీ నా మిలేగీ దొబారా సినిమాలో హృతిక్ రోషన్ స్పెయిన్ సముద్రంలో దిగిన దృశ్యం ఈ ఊహకు మరింత రంగు పూసింది. చాలామంది మూడు నాలుగు రోజుల ఓపెన్ వాటర్ కోర్సుతో ముచ్చట తీర్చుకుంటారు. పట్టు వదలని కొద్దిమంది అడ్వాన్స్‌డ్, రెస్క్యూ మెట్లు ఎక్కి డైవ్‌మాస్టర్ గుమ్మం దగ్గరకు చేరుకుంటారు. అసలు తికమక మొదలయ్యేది అక్కడే. థాయ్‌లాండ్‌లోని కో తావోనా, బాలియా, లేక మన స్వరాజ్ ద్వీపమా?

వృత్తి డైవర్ల నిచ్చెనలో డైవ్‌మాస్టర్‌ది తొలి మెట్టు. అప్పటికే శిక్షణ పొందిన డైవర్లను నీటి అడుగున తిప్పి క్షేమంగా పైకి తేవడం, ఇన్‌స్ట్రక్టర్‌కు సాయపడటం అతని పని. కొత్తవాళ్లకు ఓపెన్ వాటర్ కోర్సు చెప్పే అధికారం ఉండదు. 1966లో అమెరికాలో మొదలైన పాడి సంస్థ నిబంధనల ప్రకారం అభ్యర్థికి 18 ఏళ్లు నిండాలి. లాగ్‌బుక్‌లో కోర్సు మొదలయ్యేటప్పటికి 40, ముగిసేటప్పటికి 60 డైవ్‌లు ఉండాలి. 400 మీటర్లు ఆగకుండా ఈదాలి, కదలిక లేని డైవర్‌ను 100 మీటర్లు లాక్కురావాలి, ఒక డైవింగ్ చోటుకు పటం గీయాలి. 1970లో పుట్టిన ఎస్ఎస్ఐ వంటి సంస్థల లెక్కలు కాస్త వేరైనా, డైవ్ లీడర్‌కు ఐఎస్ఓ 24801-3 అనే అంతర్జాతీయ ప్రమాణం ఒకటుంది. కాబట్టి ఏ కంపెనీ కార్డు గొప్పదన్న చర్చతో బుర్ర పాడుచేసుకోవడం దండగ. కార్డు చూపినవాడికి ఆరుగురు మనుషులను అప్పగించవచ్చా అన్నదే తర్వాత ఉద్యోగమిచ్చేవాళ్లు చూసేది.

ఆ ధీమా ఎవరినైనా నడిపిస్తేనే వస్తుంది. కో తావోకు అంత పేరు రావడానికి కారణమిదే. 21 చదరపు కిలోమీటర్ల ఆ చిన్న దీవిలో వీధికో డైవింగ్ స్కూలు కనిపిస్తుంది. రోజూ పడవలు కదులుతాయి, నానా దేశాల డైవర్లు వస్తారు. చుంఫాన్ పినకిల్ లాంటి లోతైన చోట్లు, 2011లో ముంచిన సత్తకుట్ యుద్ధనౌక అందుబాటులో ఉన్నాయి. అంటే కార్డు ఉన్న డైవర్ల వెంట నడిచే అవకాశం ట్రైనీకి దండిగా దొరకాలి. కానీ అదే కో తావోలో ఒక్కో స్కూల్లో డైవ్‌మాస్టర్ ట్రైనీలే బారులు తీరడమూ మామూలే. పడవలో నలుగురు కస్టమర్లు, వారి వెనక ఆరుగురు ట్రైనీలు ఉంటే ఎవరు ఎవరిని నడిపించినట్టు? పైగా శిక్షణ ముగిశాక అక్కడే పని చేయాలంటే వర్క్ పర్మిట్ తప్పనిసరి. కోర్సు ఫీజు కట్టించుకునేటప్పుడు ఈ సంగతి గుర్తుచేసేవాళ్లు అరుదు.

స్వరాజ్ ద్వీపంలో చిక్కు మరో రకం. 2018లో పేరు మారేదాకా హావ్‌లాక్‌గా పిలిచిన ఈ దీవికి వచ్చే పర్యాటకుల్లో ఎక్కువమంది ఈత కూడా రానివాళ్లు. వాళ్లు కోరేది ట్రై డైవ్. పన్నెండు మీటర్లకు మించని లోతులో, వీపు మీది సిలిండర్‌ను పట్టుకుని ఒక డైవర్ వెనక నుంచి నడిపిస్తుంటే, ముందున్నాయన చేపలను చూస్తూ ఫోటోకు చెయ్యి ఊపుతాడు. వ్యాపారం అంతా దీనిమీదే నడిచే చోట ట్రైనీ దినచర్య సులభంగా ఊహించవచ్చు. ఖాళీగా ఉన్నప్పుడే 14 కిలోలు తూగే అల్యూమినియం సిలిండర్లు మోయడం, రెగ్యులేటర్లు బిగించడం, వెట్‌సూట్లు కడిగి ఆరేయడం. ఇదంతా పనిలో భాగమే, నామోషీ ఏమీ లేదు. పైగా భయంతో కళ్లు తేలేసిన మనిషిని రెండు సైగలతో కుదుటపరచడం ఏ పుస్తకమూ నేర్పలేని విద్య. ఆ మాటకొస్తే, విజయవాడ నుంచి వచ్చిన కుటుంబానికి పడవ మీద తెలుగులో జాగ్రత్తలు చెప్పగలిగినవాడి విలువ అక్కడ వేరు. కానీ మూడు నెలలూ ఇదే అయితే, ముప్పై మీటర్ల దాకా తీసుకుపోయే జానీస్ గార్జ్, డిక్సన్స్ పినకిల్ వంటి చోట్ల ప్రవాహం చూసి ఎక్కడ దిగాలో, ఎప్పుడు వెనక్కి తిరగాలో తేల్చుకునే నేర్పు రాదు.

ఉచిత ఇంటర్న్‌షిప్‌ల మతలబూ ఇక్కడే ఉంది. ఫీజు లేదు, బస ఉచితం, బదులుగా కొన్ని నెలలు పని చేయాలి. చేతిలో డబ్బు లేని యువతకు ఇది నిజంగా వరమే కావచ్చు. కాకపోతే ఒప్పందంలో పని గంటలు రాసి, శిక్షణ గంటలు రాయకపోతే అది చదువు కాదు, జీతం లేని కూలి. వారానికి ఎన్ని డైవ్‌లు, అందులో కస్టమర్లతో ఎన్ని, నేర్పే ఇన్‌స్ట్రక్టర్ ఎవరు, అతను సీజన్ చివరిదాకా ఉంటాడా? ఇవి రాతపూర్వకంగా అడగాల్సిన విషయాలు. ఫీజు కట్టే చోటైనా అంతే. ప్రకటనలో కనిపించే మొత్తం మీద పాడికో, ఎస్ఎస్ఐకో కట్టే రుసుము, పుస్తకాలు, బీమా, సొంత డైవ్ కంప్యూటర్, నెలల తరబడి తిండి ఖర్చు వచ్చిపడతాయి.

ఇక నీటి సంగతి. కాచిన పాలలా నిశ్చలంగా, అద్దంలా తేటగా ఉండే సముద్రం సెలవులకు బాగుంటుంది, శిక్షణకు అంత మంచిది కాదు. పాతిక మీటర్ల దూరం కనిపించే చోట పదిమందిని లెక్కపెట్టుకోవడం పెద్ద విద్య కాదు. బంగాళాఖాతంలో పుదుచ్చేరి దగ్గరో, విశాఖ రుషికొండ దగ్గరో నీరు కలక బారిన రోజున తన ఫిన్స్ తనకే కనిపించనప్పుడు దిక్సూచి నమ్ముకుని, ఇద్దరిని పక్కనే పెట్టుకుని తాడు దగ్గరకు చేరగలగడం విద్య. బాలి పక్కనున్న నూసా పెనిడాలో ఒళ్లు గడ్డకట్టించే నీరు, లాక్కుపోయే ప్రవాహాలు ఉంటాయి. అక్కడ నేర్చినవాడికి మిగతా చోట్లు తేలికనిపిస్తాయి. అయితే 40 డైవ్‌ల అనుభవంతో నేరుగా అక్కడికి పోవడం దుస్సాహసం. ఒకే చోట కోర్సంతా ముగించాలన్న నియమం ఏదీ లేదు. మొదటి డైవ్‌లు ఇంటికి దగ్గరగా చేసి, డైవ్‌మాస్టర్‌కు కొత్త నీటికి వెళ్లేవాళ్లు రెండు రకాల సముద్రాలూ చూస్తారు.

ఎక్కడన్నది ఎప్పుడన్నదానితో ముడిపడి ఉంటుంది. నైరుతి రుతుపవనాలు వచ్చాయంటే కర్ణాటకలోని మురుడేశ్వర్ నుంచి నేత్రాణి దీవికి పడవలు ఆగిపోతాయి. అండమాన్‌లోనూ సముద్రం కల్లోలంగా మారుతుంది. థాయ్‌లాండ్ పశ్చిమ తీరంలోని సిమిలాన్ దీవుల పార్కు కూడా మే మధ్య నుంచి అక్టోబర్ మధ్య దాకా మూతపడుతుంది. గల్ఫ్ ఆఫ్ థాయ్‌లాండ్‌లో ఉన్న కో తావోకు మాత్రం ఆ నెలల్లో ఇబ్బంది తక్కువ, దాని గడ్డు కాలం నవంబర్, డిసెంబర్లలో. జూన్‌లో ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి అండమాన్‌కు బయల్దేరడం కంటే, సీజన్ మొదట్లో అక్టోబర్‌కు అక్కడ చేరడం తెలివైన పని. సీజన్ ఉధృతమయ్యేసరికి చేతిలో కార్డు ఉంటే అక్కడే కొలువు దొరికే వీలుంటుంది.

భద్రత గురించి అడగడానికి చాలామంది మొహమాటపడతారు. పడవలో ఆక్సిజన్ కిట్ ఉందా, కంప్రెసర్ ఫిల్టర్లు ఎప్పుడు మార్చారు, డికంప్రెషన్ జబ్బు వస్తే చికిత్స చేసే రీకంప్రెషన్ చాంబర్ ఎంత దూరం, అక్కడికి ఎలా చేరుస్తారు? చిన్న దీవిలో ఈ చివరి ప్రశ్నకు జవాబు గంటల్లో ఉండొచ్చు, వాతావరణం బాగాలేకపోతే ఇంకా ఎక్కువ. రోజుకు మూడు నాలుగు డైవ్‌లు చేసే ట్రైనీకి ఈ ప్రమాదం సందర్శకుడి కంటే ఎక్కువ. చివరి డైవ్ తర్వాత కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదన్న సూచన కూడా తిరుగు ప్రయాణం హడావుడిలో గాలికి పోతుంటుంది. ఈ ప్రశ్నలకు విసుక్కునే స్కూలు రేపు కస్టమర్ల ప్రాణాలను ఎలా చూడమని నేర్పుతుందో చెప్పనక్కరలేదు.

ఫొటోలు, రేటింగ్‌లు ఇవేవీ చెప్పవు. అడ్వాన్స్ కట్టే ముందు రెండు రోజులు మామూలు కస్టమర్‌గా ఆ స్కూలు పడవ ఎక్కితే చాలా సంగతులు బయటపడతాయి. డైవ్‌కు ముందు జాగ్రత్తలు చెబుతున్నది ట్రైనీయా, ఇన్‌స్ట్రక్టరా? ట్రైనీ చెబుతుంటే ఇన్‌స్ట్రక్టర్ పక్కన నిలబడి వింటున్నాడా, ఫోన్ చూసుకుంటున్నాడా? నీటిలో ట్రైనీ గుంపు ముందున్నాడా, కెమెరా పట్టుకుని చివర్లో ఉన్నాడా? ఒడ్డుకొచ్చాక, అలసిపోయి సిలిండర్లు దించుతున్న ఆ ట్రైనీనే పక్కకు పిలిచి, గత నెలలో ఎన్ని డైవ్‌లకు నువ్వే ముందు నడిచావని అడగవచ్చు.