నేర్చిన స్వింగు నిలుచుట యెట్లు?

గోల్ఫాటలో కఱ్ఱను వెనుకకెత్తి బంతిపై విసరు తీరును స్వింగందురు. పాఠమునాఁడు గురువునెదుట చక్కఁబడిన యీ తీరు మరుపాఠమునకు మరల చెడుట చూచి, తమకీ విద్య యబ్బదని ఆట మానుకొనువారు కలరు. వారి లోపము సాధనపద్ధతిలో నున్నదని నా తలఁపు.

ఒకే కఱ్ఱతో, ఒకే గుఱికి నూఱు బంతులు వరుసగా కొట్టినచో చేయి కుదిరినట్లు తోఁచును. కాని యందు ప్రతి దెబ్బయు ముందరిదానిని అనుకరించుటయే. మఱచినదానిని మనస్సు వెదకి తెచ్చుకొను నవసరము కలుగదు. 1986లో గూడ్, మాగిల్ అను పరిశోధకుల ప్రయోగమున కొందఱు స్త్రీలు బ్యాడ్మింటనులోని మూఁడువిధముల సర్వీసులను వేర్వేఱుగాను, కొందఱు కలగలుపుగాను సాధన చేసిరి. పిమ్మట పరీక్షింపఁగా, కలగలుపుగా నేర్చినవారికే విద్య బాగుగా నిలిచియుండెను.

కావున శ్రోతలారా, గురువు చెప్పిన యొక్క దిద్దుబాటును చీటిపై వ్రాసికొనుఁడు. ఆదివారమునాఁడు రెండు గంటలు శ్రమించుటకంటె దినమునకు పది నిమిషములు మేలు. ఇంట బంతి లేకయే, అద్దమునెదుట మెల్లగా విసరుఁడు. మైదానమున ప్రతి దెబ్బకును కఱ్ఱను, గుఱిని మార్చుఁడు. అప్పుడు తప్పులు హెచ్చును, జంకకుఁడు. సాధననాఁటి దెబ్బలను విడిచి, మరుపాఠమునాఁటికి మిగిలినదానినే లెక్కించుకొనుఁడు.