కేంద్ర మెచ్చట?

ఒకే మాట ఒక శాస్త్రమున దోషమును, వేరొక శాస్త్రమున గుణమును తెలుపుట అరుదు. అట్టి మాట యొకటి "భూకేంద్రదృష్టి" యనునది. ఖగోళశాస్త్రమున దీనిని విడిచిన పిమ్మటనే గ్రహగతులు మనుష్యునకు సుబోధము లయ్యెను. దేశాంతర వ్యాపారమును గూర్చి వ్రాసిన పండితులు మాత్రము దీనినే అలవరచుకొను డని బోధించిరి. ఈ విచిత్రమునకు గల కారణమును నేడు విచారింతము. మిరప పండించు రైతునకును, విదేశములకు కొలువునకై పోవు మన బిడ్డలకును ఇది పనికివచ్చు విషయమే.

మొదట ఆకాశమును చూతము. సూర్యుడు తూర్పున పొడుచుటయు, పడమట గ్రుంకుటయు మనకు ప్రత్యక్షములు. భూమి కదలుచున్నట్లు మన కాళ్లకు తెలియదు. కావున భూమి నడుమ నిలిచియున్నదనియు, సూర్యచంద్రులును గ్రహములును దాని చుట్టు తిరుగుచున్నవనియు పూర్వులు తలచుట మూఢత్వము గాదు. కంటికి కానవచ్చినదానినే వారు చెప్పిరి. క్రీస్తు తరువాత రెండవ శతాబ్దమున టాలెమీ యను పండితుడు ఈ మతమును గణితముతో స్థాపించెను.

మన దేశమున ఆర్యభటుడు క్రీ. శ. 499లో భూమి తన యిరుసుపై తాను తిరుగుచున్నదని చెప్పెను. పడవలో సాగిపోవువానికి గట్టు వెనుకకు పోవుచున్నట్లు తోచును గదా! నక్షత్రముల పడమటి పయనమును అట్టిదే యని ఆయన భావము. వరాహమిహిరుడు దీని నంగీకరింపలేదు. భూమియే తిరిగినచో, గూడు విడిచిన పక్షి మరల గూటికి చేరుట యెట్లని ఆక్షేపించెను. భూమితోపాటు గాలియు, గాలిలోని పక్షియు కదలుచున్నవని నేడు మన మెరుగుదుము.

పంచాంగము చూచువారికి గ్రహముల వక్రగతి క్రొత్త గాదు. కుజుడు నక్షత్రముల నడుమ తూర్పుగా సాగి, ఒకచోట నిలిచి, కొన్ని వారములు వెనుకకు నడచి, మరల ముందునకు పోవును. భూమిని నడుమ నిలిపినవారు ఈ వంకరకు కారణమును కుజునియందే వెదకి, చక్రముపై చక్రమును కల్పింపవలసి వచ్చెను. 1543లో అచ్చయిన తన గ్రంథమున పోలండు దేశీయుడు కోపర్నికస్ సూర్యుని నడుమ నుంచి చూపెను. అంతట అసలు సంగతి తేటపడెను. భూమి సూర్యుని చుట్టివచ్చుటకు 365 దినములు పట్టును. కుజునకు 687 దినములు పట్టును. వేగముగల భూమి కుజుని దాటిపోవునప్పుడు, అతడు వెనుకకు నడచినట్లు మనకు తోచును.

బడిలో నేను దీనిని ఇద్దరు పిల్లలతో చూపెడివాడను. ఆటస్థలమున రెండు వలయములు గీసి, ఒకనిని లోపలి గీతపై వేగముగను, ఒకనిని బయటి గీతపై మెల్లగను నడిపించువాడను. లోపలివాడు బయటివానిని దాటునప్పుడు, దూరపు చెట్ల వరుసతో పోల్చి చూచి, "వాడు వెనుకకు పోవుచున్నాడు పంతులుగారూ!" అని కేక వేసెడివాడు. బయటివాడు ముందునకే నడచుచుండెను. కుజుని వక్రతయు ఇంతే. అది మనము నిలిచిన తావువలన పుట్టినది.

పిమ్మట సూర్యునకును ఆ పీఠము దక్కలేదు. మన నక్షత్రమండలమగు పాలపుంతకు సూర్యుడు నడుమ లేడని అమెరికా ఖగోళపండితుడు హార్లో షాప్లీ 1918లో చూపెను. ఆ నడిమి తావునుండి సూర్యుడు సుమారు 26,000 కాంతి సంవత్సరముల దూరమున నున్నాడు.

ఇక వ్యాపారము. పలు దేశములయందు వర్తకము చేయు సంస్థల దృష్టిని 1969లో అమెరికా ఆచార్యుడు హోవార్డ్ పెర్ల్‌ముటర్ మూడు విధములుగా విభజించెను. మొదటిది స్వజాతికేంద్రము: మా దేశపు పద్ధతియే పద్ధతి, మా వారే అధికారులు. రెండవది బహుకేంద్రము: ఏ దేశపు సంగతి ఆ దేశము వారికే తెలియును, వారికే విడువుడు. మూడవది భూకేంద్రము: మంచి పద్ధతి యెచ్చట నున్నను గ్రహింపుడు, సమర్థుడు ఏ దేశీయుడైనను పెద్దపీట వేయుడు.

ఇచ్చట భూమి యనగా మన కాలిక్రింది నేల గాదు, భూగోళ మంతయు. ఆకాశమును చూచుచు తాను నిలిచిన చోటును నడుమ నుంచినవాడు భూకేంద్రవాది. వర్తకమున అదే పని చేయువాడు స్వజాతికేంద్రవాది. పేర్లు వేరైనను దోష మొక్కటే. వర్తకమునందలి భూకేంద్రదృష్టి ఆ దోషమునకు మందు.

దృష్టాంతము చూడుడు. కెలాగ్ అను అమెరికా సంస్థ 1994లో మన దేశమున మొక్కజొన్న అటుకుల నమ్మ మొదలిడెను. చల్లని పాలలో వేసి కరకరలాడుచుండగా తినుట వారి యలవాటు. మన యిండ్లలో పాలు కాచి వేడిగా పోసిరి, అటుకులు మెత్తబడెను. అమ్మకము ఆశించినంత సాగలేదు. ఇట వంకర కొనువారియందు లేదు.

హిందూస్థాన్ లీవర్ సంస్థకు 1961లో ప్రకాశ్ టాండన్ మొట్టమొదటి భారతీయ అధ్యక్షు డయ్యెను. ఆ దేశపు వ్యవహారమును ఆ దేశీయున కప్పగించుట రెండవ మెట్టు. హైదరాబాదున పుట్టిన సత్య నాదెళ్ల 2014లో అమెరికాలోని మైక్రోసాఫ్ట్ సంస్థ కంతటికి ముఖ్యాధికారి యయ్యెను. ఇది మూడవ మెట్టు.

ఈ దోషము విదేశీయులకే పరిమితము గాదు. గుంటూరు మిరప సముద్రములు దాటిపోవుచున్నది. కల్లమున ఎండు కాయలో తేమ నిలిచినచో బూజు పట్టి, అఫ్లటాక్సిన్ అను విషము పుట్టవచ్చును. ఐరోపా దేశముల వారు దానికి హద్దు విధించి సరకును పరీక్షింతురు. సరకు తిరిగి వచ్చిననాడు "వారు వంకరవారు" అనుట సులభము. వారి పళ్లెము వైపునుండి చూచిన అది వంకర గాదు. పరదాపై చక్కగా ఎండిన కాయ మన పిల్లలకును మేలే. అట్లే, ధర కట్టునప్పుడు కల్లము వైపునుండి చూడవలసిన ధర్మము కొనువానికిని కలదు. కేంద్రము ఒకరి పళ్లెముననే నిలిచినచో, రెండవవాని కష్టము కంటికి ఆనదు.

ఇట్లనుటచే మన చోటును విడువు మని నా భావము గాదు. పంచాంగకర్తలు నేటికిని గ్రహములను భూమినుండి కానవచ్చునట్లే గణింతురు. బెజవాడ సూర్యోదయము బెజవాడవారికే చెల్లును. మన చోటనుండి చూచుట అవసరము. ఆ చోటే లోకమునకు నడుమ యనుటయే తప్పు.

పెద్దలారా! విదేశమునకు కొలువునకో, వర్తకమునకో పోవు బిడ్డ మీ యాశీర్వచనమునకై వచ్చినప్పుడు, కుజుని వక్రగతిని గూర్చి ఒక మాట చెప్పుడు. ఎదుటివాడు వెనుకకు నడచుచున్నట్లు తోచినప్పుడెల్ల, తాను నిలిచిన చోటును మొదట పరిశీలించుకొను మనుడు. ఇంతే నా మనవి.