ఆంగ్లమున ‘స్లో డౌన్’ : అర్థభేదములు

ఆంగ్లమున ‘స్లో డౌన్’ అను పదబంధమునకు ‘వేగము తగ్గించు’ అని యర్థము చెప్పి ఊరకుండుట సులభము. బండి విషయమున ఆ యర్థము చాలును. వైద్యుడు రోగితోను, అర్థశాస్త్రజ్ఞుడు దేశముయొక్క ఉత్పత్తిని గూర్చియు అదే మాట పలికినపుడు అది చాలదు. ఈ భేదములను గుర్తింపని యనువాదము కొన్నియెడల విరుద్ధార్థమునే యిచ్చుచున్నది గనుక వానిని ఇచ్చట పరిశీలింతుము.

ముందుగా ‘స్లో’ శబ్దము. ప్రాచీనాంగ్లమున దీని రూపము ‘స్లావ్’. అది జడత్వమును, సోమరితనమును, బుద్ధిమాంద్యమును తెలుపుచుండెను. ఎక్కువ కాలము పట్టునది యను నర్థము తరువాత బలపడినది. సంస్కృతమున ‘మంద’ శబ్దమునందును బుద్ధికి, నడకకు సంబంధించిన యీ రెండు భావములు కలిసియే యున్నవి. రాశిచక్రమును ఒకమారు చుట్టుటకు సుమారు 29½ సంవత్సరములు పట్టు శనికి మందుడనియు, శనైశ్చరుడనియు పేళ్లు వచ్చుట నడకను బట్టియే. (తెలుగున మందమనగా దళసరి యనియు నర్థము గలదు, అది వేరు విషయము.) ఇంతకంటె విశేషమైనది ‘ఆలస్యము’. సంస్కృతమున అలసుని భావము ఆలస్యము, అనగా సోమరితనము. తెలుగున అది కాలాతిక్రమణమునకు వాచకమై, సోమరితనమును ‘అలసత్వము’నకు వదలినది. ఆంగ్లమున జరిగినది దీనికి విరుద్ధము: ‘స్లో’కు భావార్థప్రత్యయము చేర్చగా నేర్పడిన ‘స్లోత్’ నేడు సోమరితనమునే చెప్పును. రెండు భాషలును ఒకే త్రోవను ఎదురెదురుగా నడచినవి.

ఇక ‘డౌన్’. క్రిందు అను నర్థముగల యీ పదము ఇక్కడ దిక్కును గాక పరిమాణము తగ్గుటను తెలుపును. అట్లయినచో ‘పైకి’ అను నర్థముగల ‘అప్’ను చేర్చి ‘స్లో అప్’ అన్నను దాదాపు అదే భావ మెట్లు వచ్చుచున్నది? ‘ఈట్ అప్’ అనగా పూర్తిగా తినివేయుట. ‘యూజ్ అప్’ అనగా మిగులకుండ వాడివేయుట. అట్టిచోట్ల ‘అప్’ మన ‘వేయు’ వలె పనియొక్క పూర్తిని సూచించును. ‘స్లో అప్’నందలిది ఈ జాతికి చెందినదే యని మా యభిప్రాయము.

మందగమనమును ఆలస్యమును ఒకటి గావు. ప్యాసింజరు బండి వేళకు వచ్చినను ‘స్లో’ బండియే. గడియారము విషయమున చిక్కు హెచ్చు. ‘అయిదు నిమిషములు స్లో’ అనగా అది చూపు కాలము వెనుకబడినదని. దాని నడక ఇప్పుడు సరిగానే యుండవచ్చును. ‘స్లో డౌన్’ అయినదనగా నడకయే మందగించినదని.

పొరపాటునకు ఎక్కువ హాని గలుగునది ఆర్థికవ్యాసముల యనువాదమున. ఉత్పత్తి ఒక యేడు నూటికి 8 వంతున, మరుసటి యేడు 6 వంతున పెరిగినదనుకొందము. 100 మొదట 108 అయి, పిమ్మట 114.48 అగును. ఆంగ్లమున దీనిని ‘స్లో డౌన్’ అందురు. ‘ఉత్పత్తి తగ్గినది’ అని తెనిగించినచో పెరిగినదానిని తరిగినదని చెప్పినట్లగును. తగ్గినది పెరుగుదల వేగమే. ధరల సంగతియు నంతే: ధరల పెరుగుదల మందగించినంత మాత్రమున బియ్యము చవుక కాదు. కావున ఇట్టిచోట ‘మందగించు’ అను క్రియను ‘పెరుగుదల’తోనే కూర్చవలెను.

కర్మాగారమున శ్రామికులు పని మానక, కావలెనని మెల్లగా చేసి నిరసన తెలుపుటను అమెరికనులు ‘స్లోడౌన్’ అనియు, బ్రిటిషువారు ‘గో స్లో’ అనియు వ్యవహరింతురు. ఇచ్చట కర్త సంకల్పమే ప్రధానము. ‘పని మందగించినది’ అనినచో ఆ సంకల్పము జారిపోవును.

వైద్యుడు రోగితో ‘స్లో డౌన్’ అన్నపుడు పనుల భారము తగ్గించుకొమ్మని భావము. తెలుగున ‘నెమ్మది’ ఇందుకు చక్కగా కుదురును. అందు మెల్లదనముతోపాటు మనశ్శాంతియు నున్నది. అయితే క్రియారూపమైన ‘నెమ్మదించు’తో జాగ్రత్త వహింపవలెను. జ్వరము నెమ్మదించిన దనగా తగ్గినదని. రోగి నెమ్మదించె ననగా కోలుకొనెనని. వైద్యుని మాటను ‘నెమ్మదింపుడు’ అని మార్చినచో, రోగమును తామే నయము చేసికొమ్మన్నట్లుండును. ‘కొంత నెమ్మదిగా నుండుడు’ అనిన చాలును.