విదేశీ సాయం ఆగింది: మూతపడి మళ్లీ తెరుచుకున్న దవాఖానా

పెద్దాసుపత్రికి వెళ్లినవారు ముందుగా ఓ.పి. చీటీ రాయించుకోవాలి. చీటీ రాసే గుమాస్తా పేరు అడుగుతాడు, వయసు అడుగుతాడు, ఆడో మగో రాసుకుంటాడు. మనకు అందులో చిక్కేమీ లేదు. హిజ్రాలకు మాత్రం చిక్కు అక్కడే మొదలవుతుంది. కార్డులో ఉన్న పేరు ఒకటి, ఎదురుగా నిలబడిన మనిషి తీరు ఒకటి. ఆడవారి వరుసలో నిలబడితే పక్కవారు దూరం జరుగుతారు. మగవారి వరుసలో నిలబడితే నవ్వులు, ఈలలు. ఈ అవమానం పడలేక, రోగం ముదిరే దాకా ఇంట్లోనే పడి ఉండేవారు ఎందరో.

ఇటువంటివారి కోసం 2021 జనవరిలో హైదరాబాదు నారాయణగూడలో ‘మిత్ర్ క్లినిక్’ పేరిట ఒక దవాఖానా వెలిసింది. దేశంలో ఈ తరహా వైద్యశాల ఇదే మొదటిది. అక్కడ పనిచేసే డాక్టర్లు, సలహాదారులు, సిబ్బందిలో ఎక్కువమంది ఆ వర్గానికి చెందినవారే కావడం మరో విశేషం. హార్మోన్ల చికిత్స, మానసిక వేదనకు సలహా, ఎయిడ్స్, సుఖవ్యాధుల గురించి సలహాలు, అవసరమైతే న్యాయ సహాయం కూడా అక్కడ దొరికేవి. ఇదే పద్ధతిలో మహారాష్ట్రలోని కల్యాణ్, పుణేలలో కూడా క్లినిక్కులు వచ్చాయి.

సొమ్ము అక్కడిది, చేతులు ఇక్కడివి

ఈ క్లినిక్కుకు సొమ్ము అమెరికా ప్రభుత్వం ఇచ్చింది. ఎయిడ్స్ నివారణ కోసం 2003లో ఆ దేశం ప్రారంభించిన పథకం కింద, యు.ఎస్.ఎయిడ్ సంస్థ ద్వారా ఆ సాయం అందేది. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం తోడ్పడింది. నడిపినవారు మాత్రం ఇక్కడివారే.

ప్రభుత్వాలూ, ప్రజా సంఘాలూ ఈ విధంగా చేయి కలపడం ఇప్పుడు ప్రపంచంలో చాలాచోట్ల జరుగుతోంది. 2016 జూలైలో ఉరుగ్వే రాజధాని మాంటెవీడియోలో కొన్ని దేశాలు కలిసి ‘సమాన హక్కుల కూటమి’ని నెలకొల్పాయి. హిజ్రాలు, స్వలింగ ప్రేమికులు తదితరులపై దౌర్జన్యాలు, వివక్ష అరికట్టడం దాని లక్ష్యం. ఉరుగ్వే, నెదర్లాండ్స్ మొదట నాయకత్వం వహించాయి. తర్వాత సభ్యదేశాల సంఖ్య 40 దాటింది. ప్రభుత్వ ప్రతినిధుల సరసన ప్రజా సంఘాలవారు కూడా కూర్చుని మాట్లాడడం అక్కడి పద్ధతి. భారతదేశం అందులో చేరలేదు. నారాయణగూడ క్లినిక్కు ఆ కూటమి పెట్టింది కాదు గాని, పని జరిగిన తీరు మాత్రం అదే.

ఒక్క సంతకంతో

2025 జనవరిలో అమెరికా అధ్యక్షుడు ట్రంప్ పదవి చేపట్టిన రోజునే విదేశీ సాయాన్ని 90 రోజులు నిలిపివేస్తూ ఉత్తర్వు జారీ చేశారు. దానితో మూడు క్లినిక్కులూ మూతపడ్డాయి. వాటిని నమ్ముకున్నవారు సుమారు 5 వేల మంది. హార్మోన్ల మందు మధ్యలో ఆపకూడదు, డాక్టరు చూడకుండా వాడకూడదు. తలుపు మూసి ఉంటే వారు ఎక్కడికి వెళ్లాలి? మందుల షాపులో అడిగి తెచ్చుకోవడమో, నాటువైద్యుణ్ణి ఆశ్రయించడమో మిగులుతుంది. రెండూ ప్రాణం మీదికి తెచ్చేవే.

అదృష్టవశాత్తు ఆ ఏడాదే టాటా ట్రస్టుల సాయంతో హైదరాబాదు క్లినిక్కు ‘సబ్‌రంగ్’ అనే కొత్త పేరుతో మళ్లీ తెరుచుకుంది.

మన తూము మన చేతిలో

ఎగువ ఊరి తూమును నమ్ముకుని నారు పోసిన రైతుకు తెలుసు, వారు తూము మూస్తే ఏమవుతుందో. విదేశీ సాయం కూడా అంతే. వచ్చినప్పుడు కాదనవలసిన పని లేదు, కాని దాని మీదనే ఆధారపడకూడదు.

మన ప్రభుత్వాలు మాట ఇవ్వకపోలేదు. హార్మోన్ చికిత్సతో సహా వైద్య వసతులు, ఆరోగ్య బీమా కల్పించడం ప్రభుత్వ బాధ్యత అని 2019 నాటి ట్రాన్స్‌జెండర్ల చట్టం 15వ సెక్షనులో రాశారు. ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి 5 లక్షల రూపాయల వైద్యం అందించేందుకు 2022 ఆగస్టులో కేంద్రంలో ఒప్పందం కూడా జరిగింది. కాగితం మీది మాట ఓ.పి. గది దాకా రావాలి. జిల్లా ఆసుపత్రిలో వారానికి ఒక పూటయినా వీరికోసం డాక్టరును కేటాయిస్తే, మందుకోసం హైదరాబాదు బస్సు ఎక్కే అవసరం తప్పుతుంది. హిజ్రాల సంఘాలను పిలిచి సంప్రదిస్తే ఏ పూట, ఏ గది అనుకూలమో వారే చెబుతారు. అధికారులు ఈ విషయమై శ్రద్ధ వహించాలి.

మనం చేయవలసింది కూడా ఒకటి ఉంది. ఆసుపత్రి వరుసలో మన ముందు హిజ్రా ఎవరైనా నిలబడి ఉంటే, దూరం జరగకుండా, నవ్వకుండా మన వంతు కోసం ఆగడం. అందుకు ఏ దేశం సొమ్మూ అక్కరలేదు.