చేయు విధమును జెప్పు విద్య

ఇంటికి క్రొత్త యంత్రము వచ్చినపుడు దానితో నొక చిన్న పుస్తకము వచ్చును. మందుతో నొక కాగితము వచ్చును. వీనిని వ్రాయుటయే వృత్తిగా గలవారు నేడు పెక్కుమంది గలరు. వారిని సాంకేతిక రచయితలందురు. వారి వ్రాతకు అలంకారములతో బనిలేదు. చదివినవారు తడబడక పని నెఱవేర్చుకొనవలెను; అంతియే. ఈ విద్యపై నొక్కొకపుడు ప్రాణములే యాధారపడి యుండును.

అతిసారమున బిడ్డలను ముఖ్యముగా హరించునది దేహములోని నీరును, లవణములును తఱిగిపోవుటయే. ఉప్పును, తీపిని తగుపాళ్ళలో గలిపిన నీరు త్రాగించినచో ప్రేవులు దానిని పీల్చుకొనును. 1971లో పశ్చిమ వంగమునందలి బన్‌గావ్ శరణార్థుల శిబిరమున డాక్టరు దిలీప్ మహలనబీస్ ఈ చికిత్సను వాడగా, నూటికి సుమారు 30గా నుండిన మరణములు 4 కంటె తక్కువయ్యెను.

అయినను పల్లెలోని తల్లికి దీనిని దెలుపుటెట్లు? ఉప్పు మిక్కుటమైనచో బిడ్డకే యపాయము. ఆమె యింట త్రాసు లేదు. పెక్కుమందికి చదువును లేదు. బంగ్లాదేశమునందలి బ్రాక్ అను సంస్థ 1980 మొదలు 1990 వఱకు స్త్రీలను ఇంటింటికి బంపి యీ విషయమును నేర్పించెను. మూడువ్రేళ్ళ చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లము, ఆ దేశపు కొలతతో అరసేరు నీరు: ఇదియే వారి కొలమానము. తెలుపవలసిన దంతయు పది యంశములలో నిమిడ్చిరి.

ఇందు మెచ్చదగిన సంగతి మఱియొకటి. నేర్పిన స్త్రీకి జీతము, తాను చెప్పినదానిని బట్టి కాక, తల్లి జ్ఞాపకముంచుకొనినదానిని బట్టి ముట్టుచుండెను. పరీక్షకులు తరువాత గొన్ని యిండ్లకు బోయి తల్లిచే చెప్పించి, ఆ నీటిని కలిపించి చూచెడివారు.

అయినను మొదట నేర్చిన తల్లులలో గొద్దిమందియే దానిని వాడిరి. విచారింపగా, నేర్పువారికే పూర్తిగా నమ్మకము లేదని తేలెను. అంతట వారికి మందు పనిచేయు కారణమును విశదపఱచిరి. వారు తల్లుల యెదుట తామే యా నీటిని త్రాగి చూపసాగిరి. మొత్తముమీద 1 కోటి 20 లక్షలకు పైగా నిండ్లకీ విద్య చేరెను.

నేడు మనకు అంగళ్ళలో దొరకు పొట్లములను వానిపై వ్రాసిన నీటి కొలతకు సరిగా గలుపవలెను. ఆ యొక్క పంక్తి స్పష్టముగా లేకున్న మందే విషమమగును.

సోదరీమణులారా, మీరును ఇట్టి వ్రాతలు వ్రాయుచునే యున్నారు. అత్తవారింటనున్న కూతునకు ఊరగాయ పాళ్ళు, పెద్దలను జూచుకొను ఆయాకు మందుల వేళలు వ్రాయునపుడు వాక్యమున కొక్క పనినే చెప్పుడు. చదువువారి యింటనున్న కొలతనే వాడుడు. హెచ్చరికను పనికి ముందే యుంచుడు. కారణము నొక్క మాటలో దెలుపుడు. పిదప దానిని వారిచే జదివించి, చేయించి చూడుడు. వారెక్కడ నాగుదురో అక్కడనే మీ వ్రాతను దిద్దవలసి యున్నది.